బల్లి పలికింది, ఎవరు విన్నారు?

ఆ శుక్రవారం ఉదయం విళాత్తికుళంలో మిరపపొడి మిల్లు నడిపే వెంకటసామి వేసుకున్న పథకం చిన్నదే. పెళ్ళివారు పదింటికి వస్తారు. ఆలోగా ఒక బస్తా కాయలు ఆడించెయ్యాలి. కూతురు బృంద కోవిల్‌పట్టిలో కొన్న ఇయర్‌మఫ్‌లు, మిల్లు మోత చెవిలో పడకుండా మూసే డిప్పలు, చేతిలో పెట్టింది.

"నాయనా, ఇవి లేకుండా మిసిను దగ్గరికి పోవద్దు. డాక్టరు ఏమి చెప్పినాడు? చెవి పోతే తిరిగి రాదని!"

"సరిమ్మా, ఏస్కుంటాను."

వేసుకున్నాడు. నలుగురూ నవ్వుతారని వాటిమీద తలపాగా చుట్టేశాడు. పరువు అంత సున్నితమైనది మరి.

విరుదునగర్ పెళ్ళివారు తొమ్మిదిన్నరకే దిగారు. వెంకటసామి మిల్లు ఆపి, ముఖం కడిగి, తలపాగాతోనే చాపమీద కూలబడ్డాడు. రెండిళ్ళ వంశాచారం ప్రకారం బల్లి పలకాలి, ఆ పలుకు పిల్లల తండ్రులిద్దరూ విని చెప్పాలి. పదిన్నరకు రాహుకాలం. ఆలోపు పలకకపోతే సంబంధం లేదు. బృంద, ఆమె కోరుకున్న సెంథిల్‌కుమార్ మూడేళ్ళు బతిమాలి పెద్దల్ని ఇంతదాకా తెచ్చారు.

అందరూ గోడలవైపు చెవులొగ్గారు. వెంకటసామికి నెత్తిమీద ఫ్యాను చప్పుడు కూడా వినపడలేదు. డాక్టరు అన్నంతా అయింది, చెవులు పోయాయి, అదీ ఈ రోజే! తలమీద ఏముందో ఆ కంగారులో గుర్తే రాలేదు. పదీ ఇరవై అయింది. తలుపు పక్కన బృంద కళ్ళలో నీళ్ళు. ఇక తట్టుకోలేకపోయాడు.

"పలికె! తూరుపు పక్క!"

జనం ముఖాలు చూసుకున్నారు. "నాకేమీ వినపడలేదే!" అంది పెళ్ళికొడుకు మేనత్త సుబ్బమ్మాళ్.

పెళ్ళికొడుకు తండ్రి అళగర్‌సామి ఆలంగుళం దగ్గర రాళ్ళ క్రషర్‌లో ముప్పైయేళ్ళు పనిచేసిన మనిషి. వెంకటసామి నోటివైపే చూస్తూ గట్టిగా తల ఊపాడు.

"ఆమా, నేనూ వింటిని. రెండుతూర్లు."

తండ్రులిద్దరూ విన్నాక తిరుగేముంది? తాంబూలాలు చేతులు మారాయి. సంతోషంతో వంగి దండం పెట్టబోయిన వెంకటసామి తలపాగా కాస్తా జారి, నల్లటి ఇయర్‌మఫ్‌లు బయటపడ్డాయి. బృంద పరుగున వచ్చి వాటిని లాగేసింది. ఫ్యాను, కోడి, సుబ్బమ్మాళ్ గొంతు ఒక్కసారిగా మీద పడ్డాయి. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"నాయనా, ఇవి పెట్టుకోని ఎట్ల వింటివి?"

"వినలేదమ్మా. బయపడి అబద్దం చెప్తిని."

సుబ్బమ్మాళ్ అన్నవైపు తిరిగింది. "అన్నా, నువ్వూ అబద్దమే చెప్తివా?"

అళగర్‌సామి చిరునవ్వుతో తల ఊపాడు. "ఆమా, రెండుతూర్లు."

చెల్లెలి ప్రశ్న ఆయన చెవికి ఎక్కనే లేదని అందరికీ అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ ఆయన్ని ఎదురు మాట్లాడని మంచి మనిషి అనుకున్న ఇల్లది. సెంథిల్‌కుమార్ తండ్రి పక్కన చేరి చెయ్యి పట్టుకున్నాడు. అతనికి సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి.

పదిన్నర కొట్టింది. సుబ్బమ్మాళ్ కళ్ళు తుడుచుకుంది.

"తాంబూలం మార్చినాక వెనక్కి పోయే వాడుక మనలో లేదు."

ఇద్దరు వినని సాక్షుల మాటమీద పెళ్ళి ఖాయమైంది. బల్లిని ఎవరూ అడగలేదు.