అంబ్రోస్ చూసిన నల్లకుక్క

ఆ శనివారం పొద్దున్నే అంబ్రోస్ లార్వుడ్ నున్నగా గడ్డం గీసుకుని, కెజయాను పెళ్లికి అడగడానికి బయల్దేరాడు. అతను యాభై ఏళ్ల బ్రహ్మచారి, ఆమె ఇద్దరు మొగుళ్లను పోగొట్టుకున్న మనిషి. ఆ ఒక్క మాటను అతను ఆరేళ్లుగా నోట్లోనే నానబెడుతున్నాడు.

చిత్తడినేల గట్టు మీద సగం దారిలో సముద్రం మీంచి పొగమంచు కమ్ముకుంది. అందులోంచి దూడంత నల్లకుక్క ఒకటి వచ్చి, దీపాల్లాంటి కళ్లతో అతన్ని తేరిపార చూసి, చప్పుడు లేకుండా మాయమైంది. అది షక్ అనే దయ్యపుకుక్క. దాన్ని చూసినవాడు ఏడాది తిరక్కుండా పోతాడని నార్ఫోక్ తీరంలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. అంబ్రోస్ వెనుదిరిగి ఇంటిదాకా పరుగెత్తాడు.

"షక్ కనబడిందే టాబితా," అన్నాడు చెల్లెలితో.

టాబితా రొట్టె కోస్తున్న కత్తి కింద పెట్టింది. "సరిగ్గా చూశావా అన్నయ్యా? ఎవరిదైనా గొర్రేమో."

"గొర్రెకీ చావుకీ తేడా తెలీదా నాకు?"

ఆమె కాసేపు ఏడ్చింది. తరవాత కళ్లు తుడుచుకుని, "నీ పడవ మా ఆయనకిచ్చెయ్యరాదూ? నీకెందుకింక," అంది. కాదనడానికి అంబ్రోస్‌కు కారణం దొరకలేదు. పడవ ఇచ్చేశాడు. మధ్యాహ్నానికి కబురు ఊరంతా పాకింది. పరామర్శకు వచ్చినవాళ్లు పోతూపోతూ అతని కోళ్లను పట్టుకుపోయారు. శవపెట్టెలు చేసే వడ్రంగి సైలస్ కొలతాడుతో దిగాడు.

"తొందరేం లేదులే అంబ్రోసూ. ఎలాగూ ఇటొచ్చాను కదాని. కాస్త నిటారుగా నించో."

"చలికాలం దాకా ఉంటానేమో సైలస్."

"ఉండు, ఉండు. చెక్క ఆరడానిక్కూడా టైము పట్టుద్ది."

పోయేలోపు ఆ మాటైనా చెప్పేయాలని సాయంత్రం అంబ్రోస్ కెజయా గుమ్మం ఎక్కాడు. ఆమె అంతా విని తల దించుకుంది.

"నిన్న అడిగున్నా సరేననేదాన్నండీ. మూడోసారి మొగుడు పోయి నల్లబట్టలు కట్టుకునే ఓపిక నాకు లేదు. మీరింక లెక్కలో లేరని చెప్పి ఇందాకే సైలస్ వచ్చి అడిగాడు. ఒప్పుకున్నాను."

తిరిగొస్తుంటే గట్టు మీద అదే కుక్క ఎదురైంది. ఈసారి అతను పరుగెత్తలేదు. "రా, ఇప్పుడే తీసుకుపో," అన్నాడు. అది దగ్గరికొచ్చి అతని చెయ్యి నాకింది. వెనకే, ఊరికి కొత్తగా వచ్చిన డాక్టరు ఆయాసపడుతూ వచ్చాడు.

"క్షమించండి, మా కుక్కే. పొద్దుట్నించీ తప్పించుకు తిరుగుతోంది. హడలగొట్టిందా?"

అంబ్రోస్ అక్కడే కూలబడ్డాడు. డాక్టరు కంగారుగా నాడి పట్టుకుని, గుండెకు చెవి ఆనించి విన్నాడు. "దివ్యంగా ఉంది. ఇంకో ముప్పై ఏళ్లకు ఢోకా లేదు మీకు."

అంబ్రోస్ బురదనీళ్ల వైపు తిరిగాడు. "కాస్త తగ్గించడానికి వీలవదాండీ?" అని అడిగాడు.

దానికి మందు లేదన్నాడు డాక్టరు.