నవతమ్మ తల్లి

ఆదివారం పొద్దున ఆరు గంటలకు కొలిపాక నవత వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పదిహేను కిలోల పచ్చి పల్లికాయ ఉడకబెట్టాలి. పొట్లం ఇరవై చొప్పున అమ్మాలి. అత్త పెట్టిన పెట్టుబడి అత్తకిచ్చేసి రెండు వేలు మిగుల్చుకోవాలి. సోమవారం సాయంత్రం ఐదింటిలోగా యూనివర్సిటీలో పరీక్ష ఫీజు పంతొమ్మిది వందలు కట్టాలి. కట్టకపోతే ఎమ్మెస్సీలో ఒక సెమిస్టర్ గోవిందా. షరతు ఒక్కటే: వచ్చిన పైసా వచ్చినట్టు చేతికే రావాలి, బ్యాంకు ముఖం చూడకూడదు.

ఎందుకంటే బ్యాంకులో నవతకు ఉన్నది మైనస్ నాలుగు వేల మూడు వందల పన్నెండు. ఖాతా తెరిచిన రోజు ఓవర్‌డ్రాఫ్ట్ అని ఏదో చెప్పారు. ఫోన్ తెరిస్తే 'మీరు వాడుకోగల మొత్తం ఐదు వేలు' అని కనిపించింది. అంత మర్యాదగా వాడుకోమంటే కాదనడం బాగుండదని వాడుకుంది. ఫోన్ అద్దం పగిలినప్పుడు ఒకసారి, మెస్ బిల్లుకు రెండుసార్లు, స్నేహితురాలి పెళ్లిలో కట్టుకోవడానికి చీరకు ఒకసారి. అది అప్పని తెలిసేనాటికి ఖాతాలో ఏది పడినా ఇసుకలో పోసిన నీళ్లలా ఇంకిపోతోంది. బ్యాంకు వాళ్ల ఫోన్లు పడలేక సెల్లు సైలెంట్‌లో పెట్టి అత్త గంపలో తువ్వాల కింద దాచింది. బొగ్గుబావిలో పనిచేసే తండ్రి మంగయ్యకు ఈ సంగతి తెలియదు. ఆయన నోట రోజుకు పది మాటలు కూడా రావు. ఆ పదీ ఈ అప్పు మీద ఖర్చు కావడం నవతకు ఇష్టం లేదు.

మేనత్త బతుకమ్మ కొబ్బరికాయలమ్మే చోటు భద్రాచలం పోయే అడవి దారిలో, మూలమలుపు దగ్గర. అక్కడ ముత్యాలమ్మ తల్లి ఉంది. నాలుగు ఇనుప పైపులు, పైనొక రేకు, వెనకొక రేకు, మధ్యలో పసుపు పూసిన రాయి, తాళం వేసిన హుండీ. ఆ మలుపులో లారీ అయినా కారైనా ఆగి, ఎంతో కొంత వేయకుండా కదలదు. కానీ ఈ మధ్య జేబుల్లో చిల్లర లేక చాలామంది దండం ఒక్కటే పెట్టి, ముఖం తిప్పుకుని పోతున్నారు.

పల్లీల గతీ అదే అయింది. నవత అత్త పక్కనే పొయ్యి పెట్టి, అట్టముక్క మీద 'నగదు మాత్రమే' అని రాసి కట్టింది. మొదటి గంటలో నాలుగు కార్లు ఆగాయి, నాలుగూ ఉత్త చేతుల్తో పోయాయి.

"ఏంది కోడలా, వచ్చిన బేరం వచ్చినట్టే పోవట్టె. ఫోన్ల తీసుకుంటే నీ సొమ్మేం పోతది?" అంది బతుకమ్మ.

"నా సొమ్మే పోతదత్తా," అని, అంతకన్నా విడమరచలేక నవత బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోయింది. బోరింగు అర కిలోమీటరు దూరం, వరసలో నిలబడి నీళ్లు పట్టడానికి ఇంకో గంట.

అప్పుడే ఆటో నడిపే దేవ్లా వచ్చాడు. అతని పిల్లల దరఖాస్తులు నవతే నింపుతుంది. ఒకసారి ఫోన్లో డబ్బులు వేయడానికి ఆమె పంపిన స్కానర్ బొమ్మ ఇంకా అతని సెల్లులో ఉంది. ఫోన్ బేరాలన్నీ పోతున్నాయని, అందరికీ కనిపించేలా స్కానర్ ఒకటుంటే బాగుండునని బతుకమ్మ అతనితో మొరపెట్టుకుంది.

"గింతేనా అక్కా! పాల్వంచ పోతున్న, పెద్దగ ప్రింటు కొట్టిస్తా. చెల్లెకు చెప్పకు, మస్తు ఖుషీ అయితది," అన్నాడు.

క్యాలెండరంత కాగితంతో తిరిగొచ్చాడు. బతుకమ్మది కర్రల మీద టార్పాలిన్ గుడారం, దేనికీ కాగితం అంటుకోలేదు. అక్కడ చదునుగా ఉన్నది తల్లి వెనక రేకు ఒక్కటే. అందరికీ కనిపించాలంది కదా అని దేవ్లా సరిగ్గా హుండీకి పైన అంటించి, తన దారిన పోయాడు.

నవత నీళ్లు తెచ్చి, గుడివైపు వీపు పెట్టి, పొయ్యి ముందు కూర్చుంది. పొగలో కళ్లు తెరవడమే కష్టంగా ఉంది, లారీల రొదలో వెనక మాటలు వినబడవు. బేరం మాత్రం ఒక్కసారిగా ఊపందుకుంది.

"తల్లికి ఫోన్ల ఏసినం, ప్రసాదం ఇయ్యమ్మా!"

బతుకమ్మకు 'ఫోన్ల ఏసినం' అన్నది చాలు, పొట్లం చేతిలో పెట్టేది. నవత ఏమో అత్త కొంగున ముడి బరువెక్కుతోందనుకుని హుషారుగా మంట ఎగదోసింది. పన్నెండయ్యేసరికి కాగితానికి నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ, పైన బంతిపూల దండ. దారికి రెండు వైపులా లారీలు నిలిచిపోయాయి. ఆఖరి పొట్లం ఇస్తుండగా ఎవరో గట్టిగా అరిచారు.

"నవతమ్మ తల్లికీ..."

"జై!"

నవత గరిటె వదిలేసి లేచింది.

"ఎవలు గా నవతమ్మ?"

"గదేందమ్మా గట్లంటవ్?" లారీ డ్రైవర్ చెంపలు వేసుకున్నాడు. "స్కాన్ కొడితే తల్లి పేరు పడుతున్నది గదా, కొలిపాక నవత అని. కొత్తగ వెలిసిందట, మా గ్రూపులన్నిట్ల ఫొటో తిరుగుతున్నది. పదిమందికి పంపితే శుభమట!"

నవత గంపలోంచి ఫోన్ లాగి చూసింది. ఖాతాలో డెబ్బై ఏడు రూపాయలున్నాయి. ముందు మైనస్ లేదు. రెండేళ్లలో మొదటిసారి బ్యాంకుకు ఆమె ఒక్క రూపాయి బాకీ లేదు. అంతా తల్లికే.

పూజారి పగిడయ్య తాత వచ్చేసరికి నవత కాగితం చింపి చేతిలో పట్టుకుని ఏడుస్తోంది. ఓవర్‌డ్రాఫ్ట్ దగ్గర మొదలుపెట్టి బోరింగు దాకా అంతా చెప్పేసింది.

"గట్లనా," అని తాత రాతిగట్టు మీద కూర్చున్నాడు. "అన్ని పైసలు తల్లివే అనకు బిడ్డా. పల్లీలకు ఏసినోళ్లు గూడ ఉంటరు. ఫోన్ల లెక్క సదువు. పదకొండు, ఇరవై ఒకటి, నూట పదహారు, గిట్లొస్తే అది మొక్కు, తల్లిది. సున్నతోటి గుండుగ వస్తే అది బేరం, నీది. మొక్కులకు సున్న ఎవడు పెడతడు?"

నవత ఒక్కొక్కటే చదివింది. సున్నాతో ముగిసినవి ఏడు ఇరవైలు, నూట నలభై రూపాయలు. మిగిలిన నాలుగు వేల రెండు వందల నలభై తొమ్మిదీ తల్లివే.

"పదిహేను కిలోలు నూట నలభైకి అమ్మినవా అత్తా?"

"నేనేం ఎరుగుదు? అందరు కట్టినమనే అన్నరు!" బతుకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "నా పెట్టుబడి ఎప్పుడన్న ఇద్దువు తియ్యి కోడలా. తప్పు నాది గూడ ఉన్నది."

"తల్లి బాకీ ఎట్ల తీర్చాలె తాతా?" అంది నవత.

"ఆదివారం ఆదివారం వచ్చి మూడు వందలు హుండీల ఎయ్యి. అట్లనే తల్లి పేరు మీద ఖాతా తెరిపించి గసొంటి కాగితమే ఒకటి చేపియ్యి. చిల్లర లేక దండం పెట్టి ఉరికెటోళ్లు ఇయ్యాల నిలవడి ఇచ్చిన్రు, అది నీ పుణ్యమే." పగిడయ్య రాయివైపు చూశాడు. "ఇన్నేండ్ల సంది ఈ మలుపుల నిలవడ్డ తల్లి, పదిహేను వారాలు ఆగదా? వడ్డీ గూడ అడగదు."

నవతకు ఆయన కాళ్లకు మొక్కాలో, రాయికి మొక్కాలో తెలియక ఇద్దరికీ మొక్కింది. కానీ రేపటి ఫీజు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. చేతిలో ఫోన్ వెలిగింది. కొలిపాక మంగయ్య, రెండు వేలు.

పడిన కాసేపటికే ఆయన ఫోను.

"నాయినా," అంది నవత. "ఈడి పూజారి తాత లెక్కల గిది మొక్కో బేరమో..."

"మా బావి గ్రూపుల వచ్చింది బిడ్డా, నవతమ్మ తల్లి ఫొటో. మీ అత్త కాడి రేకు గుర్తువట్టిన. స్కాన్ కొట్టి చూస్తే మన ఇంటిపేరు పడ్డది." మంగయ్యకు ఇప్పటికే రెండు రోజుల మాటలైపోయాయి. "తల్లికి ఏదో కష్టమొచ్చినట్టున్నదనుకున్న. దేవునికైతే పదహార్లు ఏద్దును. ఎవలకు ఏస్తున్ననో నాకెరుకే గదా, గుండుగనే ఏసిన."

నవత ఏడుస్తూనే నవ్వింది. పగిడయ్య, ఫోన్‌లో మాట వినబడి, "నీదే, నీదే" అని చేయి ఊపాడు.

"ఫీజు కట్టు. కట్టినంక ఇంటికి రా, ఆ కష్టమేందో చెప్పు. తిట్టనులే," అన్నాడు మంగయ్య. "ఊకెనే ఏసిన్నా మల్ల? బేరమన్నవ్ గదా, వచ్చేటప్పుడు నా పల్లీలు పట్టుకరా."

పల్లీలు అప్పటికే అయిపోయాయి.