ప్రోత్సాహానికి పడిశం పట్టింది

మెదడుకూ రోగనిరోధక శక్తికీ గల సంబంధంపై 1993లో నందికొండలో జరిగిన సదస్సు అఖండ విజయం సాధించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. యువ పరిశోధకులను ప్రోత్సహించడం సదస్సు లక్ష్యం. ఆ మాటను, సదస్సు పేరును వేదిక వెనక గుడ్డ మీద పెద్ద అక్షరాలతో రాయించారు. అక్షరాలు మరీ పెద్దవి కావడంతో మెదడుకు జాగా చాలలేదు. రోగనిరోధక శక్తి మాత్రం పట్టింది.

ప్రోత్సాహం బస్టాండు నుంచే మొదలైంది. ఒక యువకుడికి అతిథుల పెట్టెలు మోసే అవకాశం కల్పించారు. ఇంకొకరికి మంచినీళ్ల గ్లాసులు అప్పగించారు. హుజూర్‌నగర్ అమ్మాయి ఖమర్‌కు శాలువాల పళ్లెం పట్టుకునే గౌరవం దక్కింది. బెదిరించి ఆందోళనలో ఉంచిన ఎలుకలు తొందరగా జబ్బుపడతాయని ఆమె ఏళ్ల తరబడి శ్రమించి తేల్చింది. ఆ సంగతి పది నిమిషాలు చెప్పాలి. పెద్దలకు నచ్చితే పరిశోధన మరో ఏడాది సాగుతుంది, లేకపోతే ఇంటిదారి. కూతురు మాట్లాడుతుంటే వినాలని ఆమె తండ్రి దస్తగిరి సైకిల్ షాపు మూసి వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు.

అధ్యక్షులు ఎల్లస్వామిగారు మైకు అందుకున్నారు. "యువతకు అవకాశమివ్వాలని నేను పాతికేళ్లుగా చెబుతున్నాను. ఇకముందు కూడా చెబుతూనే ఉంటాను" అన్నారు. మాట తప్పే మనిషి కాదు కనుక భోజనాల వేళ దాకా చెబుతూనే ఉన్నారు.

తర్వాత సన్మానాలు. వేదిక మీద చోటు లేక, తీసేసిన దండలన్నీ యువ పరిశోధకుల కోసం తెప్పించిన ప్రొజెక్టరుకు తగిలించారు. దాన్ని కూడా ఒక అతిథి అనుకుని ఒకాయన నమస్కారం పెట్టాడు.

ఇంతలో ఆచార్య అంజన్నగారు అలిగారు. పక్కాయన శాలువాకు జరీ అంచు ఉంది, తనదానికి లేదు. మనసు నొచ్చుకుంటే ఒంటికి ముప్పని పెద్ద పుస్తకం రాసింది ఆయనే కనుక నిర్వాహకులు హడలిపోయారు. జరీ శాలువా కోసం ఖమర్‌ను వానలో బజారుకు తరిమారు. ఆమె శాలువాను తడవనివ్వకుండా తెచ్చింది, తాను మాత్రం నిలువునా తడిసింది. అంజన్నగారి ఆరోగ్యం తక్షణం కుదుటపడింది.

"నీ నంబరెప్పుడొస్తది బిడ్డా?" అని దస్తగిరి మెల్లగా అడిగాడు.

"జర ఆగు నాయినా, గీ దండలు అయిపోనీ" అంది ఖమర్, వణుకుతూ. ఆ పిల్లను చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోయేది, కానీ ఎవరూ చూడలేదు.

అతిథుల షికారు లాంచీకి వేళవుతోందని ఎవరో గుర్తుచేశాక ఆమెను పిలిచారు. అంజన్నగారు వద్దన్న శాలువా ఉత్తగా పోకుండా ఆమెకు కప్పారు. ఖమర్ మైకు పట్టుకుని సభకు నమస్కరించి, నోరు తెరిచి, వరసగా తుమ్మింది. అప్పటికే సగం లేచి నిలబడిన సభ హోరున చప్పట్లు కొట్టింది. "క్లుప్తతే యువతకు అందం" అని అధ్యక్షులు మెచ్చుకుని మైకు ఆపించారు. ఆమె తన సిద్ధాంతాన్ని ప్రయోగపూర్వకంగా నిరూపించినట్లు సభ తీర్మానించింది.

పరిశోధనను కూడా అక్కడికక్కడే మరో ఏడాది పొడిగించారు. ఎలుకలను అంజన్నగారికి అప్పగించి, ఖమర్‌కు ఆశీస్సులు అందజేశారు.

హుజూర్‌నగర్ బస్సులో కూతురు కళ్లు తుడుచుకుంటుంటే, పడిశం వల్లనే అనుకుని దస్తగిరి తన రుమాలు ఇచ్చాడు.

"నువ్వేం చెప్పినవో నాకైతే సమజ్ కాలె బిడ్డా. అందరు చప్పట్లు కొడ్తుంటే నేను గూడ కొట్టిన. జర ఇప్పుడు చెప్పు, వింట."

నిండు సభలో ఆ మాట అడిగినవాళ్లు లేరు.