ఏడు శాతం మోకాలు

మనిషికి దెబ్బ తగిలేది రోడ్డు మీద. అతను గాయపడేది మాత్రం ఆఫీసులో. ఈ సత్యాన్ని జర్ఖా పట్టణంలోని టైల్స్ మేస్త్రీ రాతిబ్ నలభై రెండో ఏట, తన కుడి మోకాలు సాక్షిగా తెలుసుకున్నాడు.

జరిగింది చిన్న విషయమే. ఒక మందుల షాపు యజమాని కారు వెనక్కి తీస్తూ, వెనక ఒక మనిషి ఉన్నాడన్న అనవసరపు వివరాన్ని పట్టించుకోలేదు. ఆరు నెలల్లో ఆపరేషన్ చేయకపోతే ఆ మోకాలు ఇక వంగదని ఆస్పత్రిలో చెప్పారు. మోకాలు వంగని మేస్త్రీ నేలకు టైల్స్ వేయలేడు. గోడలకు వేసుకోవచ్చు గానీ, గోడ కూడా నేల దగ్గరే మొదలవుతుంది.

ఆపరేషన్ చేయించాల్సింది ఆ కారుకు బీమా చేసిన సంస్థ. అక్కడ గాయాల శాతాల విభాగానికి అధిపతి సఫ్వాన్ గారు. ఆయన చాలా మర్యాదస్తుడు (ఎంత మర్యాదస్తుడంటే, కుంటుతూ వచ్చినవాళ్లను నిలబెట్టి మరీ నమస్కారం చెబుతారు). ఆయన పోలీసులు గీసిన ప్రమాద పటం తెరిచి చూపించారు. అందులో కారు ఒక చతురస్రం, రాతిబ్ ఒక గుండ్రం.

"గుండ్రానికి కాళ్లు లేవు కదండీ," అన్నారు సఫ్వాన్ గారు జాలిగా. "లేని కాలికి పరిహారం ఎలా రాయమంటారు?"

రాతిబ్ పోలీసు స్టేషన్‌కు వెళ్లాడు. సదరు గుండ్రానికి ప్రమాదానికి ముందు రెండు కాళ్లు ఉండేవని, అవి దాని సొంతమేనని ధ్రువపత్రం తెచ్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. దాన్ని చూసి సఫ్వాన్ గారు నిజంగానే సంతోషించారు. తర్వాత శాతాల పట్టిక తీశారు. ఆ పట్టిక ప్రకారం మోకాలు మనిషిలో ఏడు శాతం. ఆపరేషన్‌కు ఎనిమిది కావాలి. అదే కాలి మడమ కూడా నొప్పిగానే ఉంది, కలుపుకోవచ్చా అని రాతిబ్ అడిగాడు. మడమ మూడో అంతస్తు పరిధిలోకి వస్తుందని, లిఫ్టు పనిచేయడం లేదని సమాధానం వచ్చింది.

ఇలా అయిదు నెలలు గడిచాయి. "అబూ ఖైస్, నువ్వు కారు కింద పడ్డప్పుడే నయం. అప్పుడు కనీసం డ్రైవరైనా దిగి చూశాడు," అంది భార్య ఇబ్తిసామ్, అక్కడి అలవాటు ప్రకారం రాతిబ్‌ను కొడుకు పేరుతో పిలుస్తూ. అతనికి నవ్వు రాలేదు. నిజానికి అతనికి చాలా భయంగా ఉంది. తనకు తెలిసిన పని ఒక్కటే, అది నేల మీద ఉంది.

ఇంతలో సంస్థవారు రాజీకి పెద్దమనుషుల్ని పంపుతున్నట్టు కబురు చేశారు. (ఫారాల కన్నా కాఫీతో ఫైళ్లు త్వరగా మూతపడతాయని వాళ్లు ఏనాడో కనిపెట్టి, అందుకోసం సాంత్వన విభాగం పెట్టుకున్నారు.) శుక్రవారం నమాజు కాగానే నలభై మంది వచ్చి కూర్చున్నారు. రాతిబ్ మొదటి కప్పు పెద్దాయన అబూ ఫవ్వాజ్ చేతికిచ్చాడు. ఆయన తాగలేదు. కప్పు ముందు పెట్టుకుని, తెల్ల మీసం సవరించుకున్నాడు.

"ఒక మాట అడగడానికి నీ గడప తొక్కాం నాయనా. అది దక్కేదాకా నీ కాఫీ ముట్టం. మోకాలి సంగతి దేవుడికి వదిలెయ్. నీ హక్కు మాకు వదిలెయ్."

ఇక ఇంటివాడు "తాగండి, ఇచ్చేశాను" అనాలి. అలా అనని ఇల్లు ఆ పట్టణంలో ఇంతవరకూ లేదు. గెడ్డం కింద చేతులు పెట్టుకుని నలభై మందీ ఆ మాట కోసం ఎదురుచూశారు.

"చల్లారనీ మామా," అన్నాడు రాతిబ్.

చల్లారింది. పెద్దమనుషుల ముందు కాఫీ చల్లారడం అంటే ఎంత తలవంపో చెప్పనక్కర్లేదు. అది వచ్చినవాళ్లకా ఇంటివాడికా అని తేల్చుకోలేక కొందరు గోడ కేసి చూశారు. చివరికి రాతిబే నోరు విప్పాడు.

"నాకు డబ్బొద్దు మామా. నా కాలు నాకివ్వండి. ఆపరేషన్ చేయిస్తామని మాటిచ్చి తాగండి."

అబూ ఫవ్వాజ్‌కు సిగ్గేసింది. అద్దెకు వచ్చినా ఆయన మంచివాడే. "నీ ఆపరేషన్ పూచీ మా మెడ మీద," అన్నాడు. ఆ నలభై మందిలో కలిసి వచ్చిన సంస్థ తరఫు వాళ్లు కూడా తలలూపారు.

మాట ఇచ్చినవాళ్లకు ఇంటివాడే వేడిగా పోయాలి. ఎడమ చేతిలో కూజా, కుడి చేతిలో కప్పు. చేతికర్ర పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. రాతిబ్ దాన్ని గోడకు ఆనించి, పంటి బిగువున ఒక్కొక్కరి ముందూ ఆగుతూ నలభై కప్పులు పోశాడు. తలుపు చాటున ఇబ్తిసామ్ ఏడ్చేసింది. నొప్పి చూసి కొంత, సంతోషం పట్టలేక కొంత.

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది.

"పెద్దలు ఇచ్చిన మాట మాకు శిరోధార్యం. అవసరమున్న మోకాలికి ఆపరేషన్ తప్పక చేయిస్తాం. అయితే ఆనాటి ముప్పై ఎనిమిదో కప్పు అందుకున్నది మా సంస్థ వైద్యుడు. ఊతం లేకుండా గంటసేపు నిలబడి, నలభై మందికి చుక్క ఒలకకుండా పోసిన మోకాలికి ఏ లోపమూ లేదని ఆయన ధ్రువీకరించారు. కాఫీ చాలా బాగుందని కూడా రాశారు."