ముందే రాసిపెట్టిన నష్టం

కిందటేడు ఉప్పెన ముందు వచ్చింది, ప్రభుత్వం తర్వాత వచ్చింది. ఈ వరస మర్యాదగా లేదని పైవాళ్లు గ్రహించి, 1978లో విశాఖపట్నంలో తుఫాను సన్నాహక విభాగం తెరిచారు. ద్వారకా నగర్‌లో ఒక మేడమీద మూడు గదులు, పన్నెండు కుర్చీలు, సముద్రం కనిపించని కిటికీలు. ప్రత్యేకాధికారి త్రినాథరావుగారు. గుమాస్తా నీలకంఠం, ఉద్యోగం కోసం తణుకు నుంచి వచ్చినవాడు. చెప్పిన పని తు.చ. తప్పకుండా చేస్తాడు, చేశాక కడుపునొప్పితో బాధపడతాడు.

మొదటిరోజే త్రినాథరావుగారు బల్ల చరిచి ఉపన్యసించారు.

"సహాయం ఎందుకు ఆలస్యమవుతోంది? నష్టం జరిగాక నివేదిక రాస్తున్నాం గనక! ఇకమీదట నివేదిక ముందే సిద్ధంగా ఉంటుంది. తుఫాను వచ్చి అమలు చేసి పోవడమే తరువాయి!"

అందరూ చప్పట్లు కొట్టారు. నీలకంఠమూ కొట్టాడు.

ముప్పై రెండు గడుల ఫారాలు చంకన పెట్టుకుని అతను నీలాలపేట వెళ్లాడు. ఒడ్డునే ఉన్న జాలరిపేట. నూట పదమూడు ఇళ్లు. కూలబోయే ఇళ్లకు రేకులు, కొట్టుకుపోబోయే వలలకు కొత్త వలలు అనేసరికి కులపెద్ద సూరన్న పేటంతటినీ వరసలో నిలబెట్టాడు. అన్ని ఇళ్లూ కూలడానికి ఒప్పుకున్నాయి. రాయించిన వలలు పరిస్తే సముద్రం కనబడకుండా పోతుంది. పాడి అన్నది ఎరగని ఆ పేటలో అరవై గేదెలు మునిగిపోవడానికి ముందుకొచ్చాయి.

మరణాల గడి మాత్రం ఖాళీగా మిగిలింది. త్రినాథరావుగారు ఫారాలు తిప్పి పంపారు. ఒక్క మరణమైనా లేనిది పెద్ద తుఫాను కాదనీ, పెద్ద తుఫాను కానిదే రేకులు రావనీ నిబంధన ఉంది.

పేట సమావేశమైంది. త్యాగబుద్ధి పొంగి పొర్లింది. కోడళ్లు అత్తల పేర్లు చెప్పారు, అత్తలు కోడళ్ల పేర్లు చెప్పారు. "పెద్దోడివి, నువ్వే ముందెల్లు బావా" అని ఒకడంటే, "నీ తరవాతే బావా" అని రెండోవాడు మర్యాద చేశాడు. చివరికి అందరూ గంగాలమ్మ పేరు మీద ఏకమయ్యారు. డెబ్బై ఏళ్ల ముసలిది, పిల్లల్లేరు, ఇల్లు అలల అంచున ఉంది. అన్నిటికంటే పెద్ద అర్హత, సమావేశానికి రాలేదు. చేపలమ్ముకోడానికి బజారెళ్లింది.

మర్నాడు చేపల తట్టతో సహా మేడెక్కింది.

"ఏటి బాబూ, నాను సచ్చిపోనానంట?"

"పోలేదమ్మా, పోబోతున్నారు," అన్నాడు నీలకంఠం.

"ఎప్పుడు?"

"తుఫాను వచ్చినప్పుడు."

"ఇంత ముందుగా తెలిసినోలు, ఆ పూటకి లారీ ఒకటి అంపరాదేటి? ఎక్కి ఎల్లిపోతాను గదా!"

నీలకంఠం ముప్పై రెండు గడులూ వెతికాడు. లారీకి గడి లేదు. లోపలికెళ్లి అడిగితే త్రినాథరావుగారు జాలిగా చూశారు. "లారీ పంపితే మనుషులు బతుకుతారయ్యా. బతికితే నివేదిక తప్పవుతుంది. తప్పుడు నివేదికలిచ్చే విభాగమా మనది?"

నవంబరులో ఒక ఉదయం రేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. విభాగం మెరుపులా కదిలింది. పదిన్నరకల్లా నష్టాల తంతి వెళ్లింది. పదకొండుకల్లా త్రినాథరావుగారు సమీక్ష కోసమని, ఉన్న ఒక్క జీపులో ఊరికి దూరంగా తగరపువలస బంగళాకు వెళ్లారు. ఆఫీసు తాళంచెవి నీలకంఠం చేతిలో మిగిలింది.

జీవితంలో మొదటిసారి అతనికి కడుపునొప్పి ముందే వచ్చింది. గాలికి ఎదురు పరిగెత్తి నీలాలపేట చేరి, "లేవండి, పదండి!" అని అరిచాడు.

"ఇల్లొగ్గేసి ఎలాగొత్తాం బాబూ? నష్టం సూడ్డానికి ఎవులైనా వొస్తే?" అన్నాడు సూరన్న.

గంగాలమ్మ ఖాళీ తట్టలో పక్కింటి పసిదాన్ని కూర్చోబెట్టి నెత్తికెత్తుకుంది. "సచ్చినదాన్ని నాను ముందు నడుత్తాను. బతికున్నోలు ఎనకాల రండి!"

చావు కంటే సిగ్గు బలమైనది. పేటంతా కదిలింది. మేడమీద మూడు గదులూ, మెట్లూ, వరండా నిండిపోయాయి. తడిసిన నేల మీద ఫారాలు పరుచుకుని కూర్చున్నారు. ప్రభుత్వ సహాయం అంత నేరుగా ప్రజల కిందికి చేరడం అదే మొదలు.

తుఫాను నమ్మకంగా పనిచేసింది. నూట పదమూడు ఇళ్లూ కూలాయి. ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు.

రేకులు ఆగిపోయాయి. ఆమోదించిన మరణాన్ని అనుమతి లేకుండా ఆపినందుకు సంజాయిషీ చెప్పమని నీలకంఠానికి మెమో వచ్చింది. మరణం ధ్రువపరిస్తే రెండూ పరిష్కారమవుతాయని త్రినాథరావుగారు సలహా ఇచ్చారు.

ఇసకలో పేట మళ్లీ సమావేశమైంది. ఈసారి గంగాలమ్మ కూడా ఉంది. సూరన్న తల దించుకున్నాడు.

"అత్తా, నీవల్లే బతికినాం, మరవం. రేకులాగిపోనదీ నీవల్లే. కాయితం మీదే గదా..."

నీలకంఠం మరణ ధ్రువపత్రమూ సిరాబుడ్డీ కింద పెట్టాడు. గంగాలమ్మ అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. తను మోసుకొచ్చిన పసిదాని తల్లి పక్కకు తిరిగింది. అప్పుడు ముసలిది ఫక్కున నవ్వి, సిరాలో వేలు ముంచింది.

"సాచ్చి నానే ఏత్తాను. సచ్చినట్టు నాకంటే ఎవులికి తెల్సు?"

మొదటి వేలిముద్ర ఆమెదే. రెండోది సూరన్నది. కింద నీలకంఠం సంతకం పెట్టాడు.

వారంలో రేకులొచ్చాయి. నూట పన్నెండు ఇళ్లు కప్పారు. నూట పదమూడో ఇంటికి, యజమానురాలు మరణించినందున, మంజూరు కాలేదు. మరి వానొస్తే ఆవిడ ఎక్కడ తలదాచుకుంటుందని నీలకంఠం అడిగాడు. కొత్త రేకుల కింద చల్లగా కూర్చున్న పేటవాళ్లు, ఆ సంగతి ప్రభుత్వాన్నే అడగమన్నారు.