కాలం చేసిన మాస్టారు

కాలాన్ని పొదుపు చేయాలని కళాశాల యాజమాన్యం ఏకగ్రీవంగా నిర్ణయించింది. ఆ నిర్ణయం కోసం పొద్దున్నే కూర్చున్న కమిటీ దీపాలు పెట్టే వేళకు లేచింది. ఆ వారాన్ని సమయపాలన వారోత్సవంగా ప్రకటించారు. ముఖ్య అతిథి ఒక రోజు ఆలస్యంగా వచ్చారు కనుక వారోత్సవం కూడా ఒక రోజు ఆలస్యంగానే మొదలైంది. వేదికకు కుడివైపున 'ఆలస్యం అమృతం విషం' అని ఒక బ్యానరు, ఎడమవైపున 'నిదానమే ప్రధానం' అని ఇంకొకటి కట్టారు. ఎవరి సౌకర్యాన్ని బట్టి వాళ్ళు అటో ఇటో చూసుకున్నారు.

ఆ సభలోనే ప్రిన్సిపాల్ గారు ఒక చారిత్రక ప్రకటన చేశారు. నోటీసులు చదవడంలో సిబ్బంది విలువైన సమయం వృథా అవుతోందట. "ఇకమీదట ఏ నోటీసైనా నాలుగు ముక్కల్లో తేల్చేయాలి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. హెడ్ క్లర్కు గారు మాత్రం చప్పట్లు కొట్టకుండా రాసుకున్నారు. ఆయనకు పైవారి మాట వేదం. నాలుగు ముక్కలంటే నాలుగే, ఐదో ముక్క పడకూడదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫిజిక్స్ మాస్టారు ఒక ఘనకార్యం పూర్తి చేశారు. కాలం అంటే ఏమిటన్న సంగతి మీద ఇరవై ఏళ్ళుగా ఆయన పరిశోధన చేస్తున్నారు. చివరికి తేలిందేమిటంటే, కాలం నడవదు. గతం, వర్తమానం, భవిష్యత్తు మూడూ ఎక్కడివక్కడే ఉన్నాయి. రైల్లో కూర్చున్నవాడు చెట్లు పరిగెడుతున్నాయనుకున్నట్టు మనమే కాలం పరిగెడుతోందని భ్రమపడుతున్నాం. ఈ సంగతి ఇంట్లో చెబితే భార్య "అలాగా, గ్యాస్ మీద పాలు పొంగుతున్నాయి, అవి మాత్రం ఆగడం లేదు" అని లేచి వెళ్ళింది. కాలేజీలో అయితే నోటీసు వేస్తామన్నారు. మాస్టారు చాలా సంతోషించారు.

హెడ్ క్లర్కు గారు మొదట రాసిన వాక్యం నిక్షేపంగా ఉంది: 'ఫిజిక్స్ మాస్టారు కాలంపై పరిశోధన పూర్తి చేశారు.' లెక్క చూస్తే ఆరు ముక్కలు. రెండు తీసేయాలి. 'పరిశోధన', 'పూర్తి' కొట్టేశారు. మిగిలింది 'ఫిజిక్స్ మాస్టారు కాలంపై చేశారు.' దీనికి అర్థం లేదు. హెడ్ క్లర్కు గారు భాషాభిమాని, అర్థం లేని వాక్యాన్ని బోర్డుకెక్కించే మనిషి కాదు. అందుచేత ఆ 'పై' కూడా తీసేసి వాక్యాన్ని అర్థవంతం చేశారు. ప్రిన్సిపాల్ గారు సమయం ఆదా చేయడానికి చదవకుండా సంతకం పెట్టారు.

'ఫిజిక్స్ మాస్టారు కాలం చేశారు.'

మాస్టారు ఆ నోటీసును నలుగురితోపాటు నిలబడి చదివారు. పక్కనున్న కెమిస్ట్రీ మేడం "అయ్యో పాపం, నిన్ననే కనిపించారండీ" అని ఆయనతోనే అని, కళ్ళొత్తుకుంటూ క్లాసుకు వెళ్ళిపోయారు. మాస్టారు ఉన్నా లేనట్టుండే మనిషి. ఆయన పాఠం చెప్పేటప్పుడు బోర్డు వైపు చూస్తారు, విద్యార్థులు ఫోన్ల వైపు చూస్తారు. అందువల్ల ముఖపరిచయాలు పెద్దగా పెరగలేదు.

ఆయన నేరుగా హెడ్ క్లర్కు గారి దగ్గరకు వెళ్ళారు.

"నేను బతికే ఉన్నాను కదండీ!"

"ఉన్నారు సార్. ఎవరు కాదన్నారు? కూర్చోండి" అన్నారు హెడ్ క్లర్కు గారు ఎంతో మర్యాదగా. "కానీ నోటీసు వెళ్ళిపోయింది."

"ఇంకో నోటీసు వేయండి."

"ఏమని వేయమంటారు? 'ఫిజిక్స్ మాస్టారు కాలం చేయలేదు' అనా? నాలుగు ముక్కలే, సరిపోతుంది. కానీ చదివినవాళ్ళు ఏమనుకుంటారు సార్? ఇంకా చేయలేదేంటని మేం విసుక్కుంటున్నట్టు లేదూ?"

మాస్టారు ఆలోచించి చూశారు. భాషాపరంగా అందులో తప్పు కనిపించలేదు.

ప్రిన్సిపాల్ గారి గదిలో మూడు గడియారాలున్నాయి. సిబ్బంది రావడానికి ముందు నడిచేది ఒకటి, వెళ్ళడానికి వెనక నడిచేది ఒకటి, ఆయన సొంత వాడకానికి ఆగిపోయినది ఒకటి. మాస్టారు చెప్పిందంతా ఆయన ఓపిగ్గా విన్నారు.

"మీ పరిశోధనే మాకు ప్రమాణం మాస్టారూ! జరిగిందీ జరగబోయేదీ అంతా ఇప్పటికే ఉందని తేల్చింది మీరే కదా! మరి మీరు పోవడం కూడా ఎక్కడో ఒకచోట ఉన్నట్టేగా? మేం కాస్త ముందుగా చేరుకున్నాం. వారోత్సవం కదండీ, ఆలస్యం చేస్తే బాగుండదు."

"అది వేరండీ" అన్నారు మాస్టారు. "కాలానికి ఒక దిక్కు కూడా ఉంది. కప్పు కిందపడితే ముక్కలవుతుంది గానీ, ముక్కలు లేచి కప్పు కావు."

"శభాష్! జారీ అయిన నోటీసు కూడా అంతే, వెనక్కి రాదు. చూశారా, ఎంత వివరంగా చెప్పారో! మీలాంటివారు లేని లోటు తీరేది కాదు" అని ప్రిన్సిపాల్ గారు గాఢంగా నిట్టూర్చారు. ఖాళీ అయిన ఉద్యోగానికి తన బావమరిది దరఖాస్తు పెట్టాడనీ, శుక్రవారం ఇంటర్వ్యూ అనీ కూడా చెప్పారు.

మాస్టారికి చావంటే భయం లేదు. కానీ సోమవారం రెండో సంవత్సరం వాళ్ళకు కాలం పాఠం మొదలవుతుంది. ఏడాదంతా ఆయన ఎదురుచూసేది ఆ ఒక్క పాఠం కోసమే. అది ఆ బావమరిది నోట్లో పడటం మాత్రం ఆయన భరించలేరు.

కాంతి కన్నా వేగంగా ఏదీ పోలేదని మాస్టారు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. ఆ రోజు ఆయన పోయిన వార్త ఆయనకన్నా ముందే ఇల్లు చేరింది. వసారా నిండా చెప్పులు. లోపల పక్కింటావిడ "అన్నయ్యగారు దేవుడు వదినా, ఏనాడూ గొంతెత్తి మాట్లాడి ఎరగరు" అంటూ ముక్కు చీదుతోంది. మాస్టారు "కాస్త దారివ్వండమ్మా" అంటే, "ఉండండి బాబూ, ముందొచ్చినవాళ్ళు కూర్చోనీండి" అంది.

భార్య ఆయన్ని వంటింట్లోకి లాక్కుపోయి తలుపేసింది.

"వినగానే గుండె ఆగిపోయిందండీ" అంది. "తర్వాత గుర్తొచ్చింది, పొద్దున బాక్సు మర్చిపోయి ఒకసారి, కళ్ళజోడు మర్చిపోయి ఒకసారి వెనక్కొచ్చారని. ఈ మనిషి పోయినా ఏదో ఒకటి మర్చిపోయి మళ్ళీ వస్తారులే అనుకున్నా." అని నవ్వబోయి ఏడ్చేసింది. మాస్టారికి ఏం చేయాలో తోచక స్టవ్వు మీద టీ పెట్టారు. ఇరవై ఏళ్ళలో ఆయన ఆమె పక్కన ఊరికే నిలబడింది ఆ పూటే. ఆ టీ వచ్చినవాళ్ళందరికీ ఆయనే అందించారు. కొందరు పంచదార తక్కువైందన్నారు.

గురువారం సంతాప సభ జరిగింది. భార్యాభర్తలిద్దరూ వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నారు. వేదిక మీద మాస్టారి ఫోటో పెట్టి పూలు వేశారు. ప్రిన్సిపాల్ గారు గద్గదంగా మాట్లాడారు. "ఆయన గడియారం చూసి పనిచేసే మనిషి కాదు, గడియారమే ఆయన్ని చూసి నడిచేది. అటువంటి మహానుభావుణ్ణి ఈ సంస్థ ఏనాడూ ఒక్క మాటతో నొప్పించలేదు." ఇది అక్షరాలా నిజం. ఆ సంస్థ ఆయనతో ఒక్క మాటైనా మాట్లాడింది లేదు. తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చి పొగుడుతూనే ఉన్నారు. వినగా వినగా మాస్టారి కళ్ళు చెమర్చాయి. అంత మంచివాడు పోయాడే అని ఆయనకు నిజంగానే బాధ కలిగింది.

వారోత్సవం కారణంగా రెండు నిమిషాల మౌనాన్ని అర నిమిషానికి కుదించారు. హాలంతా లేచి నిలబడి నోరు మూసుకుంది. తాను ఉన్న గదిలో ఇంతమంది నోరు మూసుకోవడం మాస్టారు తన ఉద్యోగంలో చూడలేదు. ఇంతకు మించిన అవకాశం రాదనిపించింది.

"నేను బతికే ఉన్నానండీ" అన్నారు గట్టిగా.

"ష్!" అంది హాలు.

"పోయినవారి మీద గౌరవం లేకపోతే బయటికి వెళ్ళండి" అని ముందు వరుసలోంచి ఎవరో కసిరారు. భార్య ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

"రేపు మీరు కూడా ఇంటర్వ్యూకి వెళ్ళండి" అంది ఆయన చెవిలో. "చచ్చినవాడు దరఖాస్తు పెట్టకూడదని ఎక్కడా రాసి ఉండదు."

శుక్రవారం ఇంటర్వ్యూకి ప్రిన్సిపాల్ గారి బావమరిది రాలేదు. నిద్ర లేవలేదని కబురొచ్చింది. అభ్యర్థులు ఇద్దరిలో ఒకరు రాలేదు, రెండోవారు లేరు. లేనివారు కనీసం ఎదురుగా కూర్చుని ఉన్నారు కనుక కమిటీ వారివైపే మొగ్గింది. స్వర్గీయ మాస్టారి స్థానంలో మాస్టారిని తాత్కాలిక ప్రాతిపదికన తీసుకున్నారు. "పాతవారి పేరు నిలబెట్టాలి సుమా! వారంతటివారు కావడం మీకు కష్టమే, అయినా ప్రయత్నించండి" అని ప్రిన్సిపాల్ గారు భుజం తట్టారు. మాస్టారు కృతజ్ఞతలు చెప్పుకున్నారు.

సోమవారం క్లాసు కిటకిటలాడింది. కొత్తాయన ఎలా ఉంటాడో చూద్దామని ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. మాస్టారు మొదటిసారి బోర్డుకు వీపు పెట్టి, పిల్లల ముఖాలు చూస్తూ కాలం పాఠం చెప్పారు. ప్రాణం పెట్టి చెప్పారు. అయిపోయాక మొదటి బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది.

"ఏమనుకోకండి సార్. మీరూ బాగానే చెప్పారు. కానీ పాత సార్ చెబితే ఆ లెవెలే వేరు."

క్లాసంతా దిగులుగా తలలూపింది.

"నువ్వు ఆయన పాఠం విన్నావా అమ్మా?" అని అడిగారు మాస్టారు.

"లేదు సార్" అందా అమ్మాయి. "ఆయన ఉన్నప్పుడు టైం దొరకలేదు."