గంభీరం, 2019

ఆ రోజు అమ్మాయి పథకం చాలా సులువు. పొద్దున్నే ఇస్త్రీ బట్టలు వేసుకుని విశ్వవిద్యాలయానికి వెళ్లడం, వైవాలో నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పడం, సాయంత్రానికి డాక్టరై ఇంటికి రావడం. ఏళ్ల తరబడి క్యూల మీద పరిశోధన చేసి, క్యూలో నిలబడేవాళ్లకన్నా ఎక్కువ అలసిపోయింది పాపం. టీ తాగుతూ థీసిస్ చివరిసారి తిరగేస్తుంటే, మూడో అధ్యాయం దగ్గర గుండె గుభేలుమంది.

“జనం పెరిగి క్యూ పెరగదు, తొందర పెరిగి పెరుగుతుంది (గంభీరం, 2019)” అని ఉందక్కడ. గంభీరం వాళ్లింటి పిల్లి. ఎప్పుడూ ముఖం ముడుచుకుని కూర్చుంటుందని ఆ పేరు పెట్టారు.

మొదట ఆమె ఆధారాలన్నీ పేజీ అడుగున ఫుట్‌నోట్లుగా రాసుకుంది. పుస్తకం పేరు, అచ్చు వేసినవాళ్లు, ఊరు, పేజీ అన్నీ చెప్పాలి. ఆ పద్ధతిలో అబద్ధమాడాలంటే బోలెడు ఓపిక కావాలి. తీరా గైడు, “ఇప్పుడందరూ పేరు, సంవత్సరం పద్ధతే వాడుతున్నారు, మార్చెయ్” అన్నారు. మార్చేటప్పుడు చూస్తే ఈ ఒక్క వాక్యానికి ఫుట్‌నోటే లేదు; ఎంత వెతికినా, ఎక్కడ చదివిందో తేలలేదు. తర్వాత చూద్దాంలే అని, ఒళ్లో పడుకున్న పిల్లి పేరూ, అది ఇంటికొచ్చిన సంవత్సరమూ బ్రాకెట్లో పెట్టింది. తర్వాత చూస్తే కదా! వెనక గ్రంథసూచిలో గంభీరం లేదు నిజమే, కానీ అక్కడిదాకా చదివే మహానుభావుడెవరు?

“అమ్మా, కొంప మునిగింది! థీసిస్‌లో పిల్లిని పెట్టేశాను.”

“బొమ్మ వేశావా?” అంది తల్లి పొయ్యి దగ్గర్నుంచి.

లేని ఆధారం చూపినట్టు తేలితే డిగ్రీ గోవిందా. ముందే గైడు చెవిన వేయడం మేలనుకుని పరుగెత్తింది. ఆయన మెట్ల మీదే ఎదురయ్యారు.

“సర్, మూడో అధ్యాయంలో గంభీరం...”

“నేనూ అదే చెబ్దామనుకుంటున్నా! గంభీరాన్ని పట్టుకున్నావే, శభాష్! ఈ కాలం పిల్లలు ఆయన జోలికే పోరు.”

“సర్, ఆయన అసలు...”

“తెలుసమ్మా. ఓ పట్టాన కొరుకుడు పడడు.”

శాఖాధ్యక్షురాలైతే గంభీరాన్ని ఎం.ఏ.లోనే చదివానన్నారు. ఆవిడ ఎం.ఏ. ముగించేసరికి పిల్లి కాదు కదా, అమ్మాయే పుట్టలేదు. లైబ్రేరియన్ని అడిగితే, ఆ పుస్తకం ఎవరో తీసుకెళ్లి తిరిగివ్వలేదని వాపోయాడు. అమ్మాయికి భయం పక్కకు పోయి అబ్బురం పట్టుకుంది. ఇన్నేళ్లు నిజాలు రాస్తే ఎవరూ తలెత్తి చూడలేదు. రెండు బ్రాకెట్ల మధ్య ఓ పేరూ నాలుగంకెలూ పెడితే ఎంతెంతవాళ్లు తల వంచుతున్నారు! దండం పెట్టాలనిపించింది గానీ, ఎవరికి పెట్టాలో తెలియలేదు.

వైవా గదిలో, బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ మొదటి ప్రశ్నగానే అడిగారు. “గంభీరంగారు ఇంకా ఉన్నారా అమ్మా?”

“ఉన్నారండీ. మా ఇంట్లోనే.” బెదురులో ఆ మర్యాద దానంతటదే వచ్చేసింది.

గైడు కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు.

“ఏం చేస్తుంటారు?”

“ఎక్కువగా పడుకునే ఉంటారండీ.”

“ఎవరితోనైనా మాట్లాడతారా?”

“ఆకలేస్తేనే.”

“అదీ పాండిత్యమంటే!” అన్నారు శాఖాధ్యక్షురాలు కళ్లు ఒత్తుకుంటూ. “వచ్చే నెల సన్మానం పెడదాం. నేనే వెళ్లి కార్లో తీసుకొస్తాను.”

“కారెక్కిస్తే రక్కుతుందండీ!” అనేసింది అమ్మాయి, ఏడుపు తన్నుకొస్తుంటే. “అది మా పిల్లి.” ఉన్నదంతా కక్కేసి, “డిగ్రీ ఇవ్వకపోయినా సరే, సన్మానం మాత్రం వద్దండీ” అంది.

ఎగ్జామినర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. లేచి తలుపు మూసి వచ్చారు.

“నీ థీసిస్ చదివాక, పోయిన నెలే ఓ వ్యాసం అచ్చు వేశాను. అందులో గంభీరాన్ని నేనూ ఉదహరించాను.”

“నేను రెండుసార్లు” అన్నారు గైడు, నేల చూస్తూ.

ఎగ్జామినర్ అమ్మాయి వైపు తిరిగారు.

“ఇంతకీ ఆ వాక్యం ఎవరిదమ్మా?”

“ఎంత వెతికినా ఎక్కడా దొరకలేదండీ. నాదే అయ్యుంటుంది.”

“నీదంటే ఎవరు నమ్ముతారు?” అన్నారాయన జాలిగా.

ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడి, డిగ్రీ ఇచ్చేశారు. ఒక్కటే సవరణ: పిల్లిని తీసేసి, ఆ వాక్యం అచ్చయిన ఎగ్జామినర్‌గారి వ్యాసాన్ని ఆధారంగా చూపాలి.

సాయంత్రం డాక్టరమ్మ కూర్చుని సవరణ చేసింది. వాక్యం ఆమెది, పేరు ఆయనది. పద్ధతి ప్రకారం మాత్రం ఒక్క తప్పూ లేదు.